ఇల్లు లేనోళ్లకు సాయం: ఎవరికి ఏ తలుపు తట్టాలె? (నల్లగొండ, పాలమూరు. ఆన్‌లైన్ ముచ్చట, ప్రతి పోస్టు పైన రాసినోళ్ల మారుపేరు ఉంటది)

గడియారం సెంటర్
బస్టాండుల, దవాఖాన గేటు కాడ, బత్తాయి మార్కెట్ దిక్కు రాత్రిపూట పండుకునేటోళ్లు కనవడుతనే ఉంటరు. సాయం చేద్దామనుకునేటోళ్లు తక్కువేం లేరు. అన్నం పొట్లం ఇచ్చి వచ్చినంక ఏం చెయ్యాలెనో తెల్వక ఆగిపోతరు. ఒక లెక్క చెప్త, దాని మీద మాట్లాడుదాం. డెబ్బై ఏండ్ల పెద్దమనిషి, నెల సంది ఒక్కటే బెంచి. కాలికి పుండు. పేరు చెప్తడు, ఊరు మాత్రం ఒకపారి దేవరకొండ అంటడు, ఒకపారి డిండి అంటడు. ఆధార్ లేదు. ఎవరికి ఫోన్ చెయ్యాలె? ఏమని చెప్పాలె? తెల్సినోళ్లు వరుసగ చెప్పున్రి.

పిల్లలమర్రి నీడ
ఫోన్ తర్వాత. ముందు పోయి పక్కన కూసోవాలె. నిలబడి పైనుంచి మాట్లాడితే పోలీసోడో, మున్సిపాలిటోడో వచ్చిండనుకొని సంచి సర్దుకుంటడు. మొదటి రోజు మూడు సంగతులు తెలిస్తే చాలు: నొప్పి ఎక్కడ, ఆఖరుసారి ఏం తిన్నడు, ఎవరి దగ్గరికన్న పోవాలని ఉందా. కొడుకులు ఎందుకు ఎల్లగొట్టిండ్రన్న ముచ్చట మనకు అప్పుడే అక్కెర లేదు.

తర్వాత ఒళ్లు చూడాలె. పిలిస్తే పలకకపోవుడు, మాట ముద్దగ వచ్చుడు, ఒక దిక్కు కాలు చెయ్యి పడిపోవుడు, ఫిట్స్, నోట్లెకెల్లి రక్తం, పుండు నల్లబడి వాసన కొట్టుడు లేకుంటే పురుగులు పడుడు, ఎండాకాలంల ఒళ్లు కాలిపోతుంటే తిక్కతిక్కగ మాట్లాడుడు. వీటిల ఏ ఒక్కటి ఉన్నా నేరుగ 108.

108కు చెప్పే తీరు ఉంటది. "బస్టాండుల ముసలాయన పండుకున్నడు" అంటే అవతలోళ్లకు ఏం అర్థం కాదు. "సుమారు 70 ఏండ్ల మగమనిషి, కాలి పుండు నల్లబడ్డది, జ్వరం ఉంది, పొద్దటి సంది లేస్తలేడు, ఫలానా ప్లాట్‌ఫాం దగ్గర" అని చెప్పాలె. బండి వచ్చేదాక అక్కడనే ఉండున్రి. వాళ్లు వచ్చేసరికి మనిషి జరిగిపోయి ఉంటే ఖాళీ బండి తిరిగిపోతది. పక్కన ఎవరూ లేకున్నా 108 ఎక్కించుకుంటది. ఒకరు వెంట పోతే దవాఖానల పని తొందరగ తెములుతది.

పురుగులు పడ్డ పుండును మనం కడుగుడు, పుల్లతోని తీసుడు వద్దు. శుభ్రమైన బట్ట వదులుగ చుట్టి తీస్కపోవాలె.

మూసీ ఒడ్డు
ఇంత లొల్లి ఎందుకన్నా. 112కు ఫోన్ కొడితే పోలీసులొచ్చి ఏదన్న ఆశ్రమంల ఏస్తరు కదా. అయిపాయె.

డిండి వాగు
అట్ల అయిపోదు తమ్మీ. రోడ్డు మీద పండుకున్నడని పెద్దమనిషిని ఆయన ఇష్టం లేకుండ ఎత్తుకపోయి ఆశ్రమంల వెయ్యడానికి లేదు. భిక్షాటన మీద 1977 నాటి చట్టం ఉన్నమాట నిజం. 2017 నవంబర్‌ల హైదరాబాద్‌ల భిక్షాటన నిషేధించి వందల మందిని జైళ్ల శాఖ నడిపే ఆనందాశ్రమానికి తరలించిండ్రు. అట్ల పట్టుకపోతే రోడ్డు కొన్ని రోజులు ఖాళీ అయితది. బయటికి వచ్చినంక వాళ్లు ఇంకో జాగ చూసుకుంటరు, మనకు కనవడకుండ పోతరు. ఇగ సాయం ఏం అందుతది?

పోలీసులకు నిజంగ బాధ్యత ఉన్న సందర్భం వేరే ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 100. మానసిక అనారోగ్యంతో తిరుగుతూ, తనను తాను చూసుకోలేని స్థితిల ఉన్నడనిపించిన మనిషిని స్టేషన్ అధికారి రక్షణలకు తీసుకోవాలె. 24 గంటల లోపల దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలె. లాకప్‌ల గాని జైల్ల గాని పెట్టొద్దు. ఇల్లు లేనోడైతే తప్పిపోయిన మనిషి కింద ఎఫ్‌ఐఆర్ కట్టి ఇంటోళ్లను వెతికే బాధ్యత ఆ స్టేషన్ అధికారిది. డాక్టరు చూసి మానసిక జబ్బేం లేదంటే, ఇల్లు లేని మనిషిని ప్రభుత్వ నిరాశ్రయుల కేంద్రానికి తీస్కపోవాలని కూడ అదే సెక్షన్‌ల ఉంది.

స్టేషన్‌కు పోయినప్పుడు "పిచ్చోడు తిరుగుతుండు, తీస్కపోన్రి" అనకున్రి. "సెక్షన్ 100 కింద దవాఖానకు చేర్చాలె" అని ఒక కాగితం రాసి ఇయ్యున్రి. జాగ, టైము, మనిషి గుర్తులు, మీరు చూసిన ప్రవర్తన, ఇవి నాలుగు లైన్లల చాలు. రెండు కాపీలు తీసి ఒకదాని మీద ముద్ర ఏయించుకోవాలె. నోటితోని చెప్పిన మాట డ్యూటీ మారంగనే పోతది.

చికిత్స ఖర్చు గురించి భయపడొద్దు. అదే చట్టం సెక్షన్ 18 ప్రకారం ఇల్లు లేనోళ్లకు, దిక్కులేనోళ్లకు ప్రభుత్వ కేంద్రాలల మానసిక వైద్యం ఉచితం. పేదరిక కార్డు చూపెట్టాల్సిన పని లేదు. మనం ఏం చెయ్యాలెనో తోచకుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగుల మాట్లాడుతరు.

పిల్లలమర్రి నీడ
దవాఖాన సంగతి ఇంకొంచెం చెప్పాలె, అసలు చిక్కు అక్కడనే ఉంటది.

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి అన్నింటిలనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నయి. క్యాజువాలిటీల పేరు, ఊరు, ఆధార్ లేకున్నా "గుర్తు తెలియని మగమనిషి, సుమారు 70" అని రాసుకొని చేర్చుకోవాలె. దెబ్బలున్నా, స్పృహ లేకున్నా ఎంఎల్‌సీ (పోలీసులకు తెలుపాల్సిన మెడికో లీగల్ కేసు) రాయమని అడగాలె. అది రాస్తే దవాఖాన పోలీస్ ఔట్‌పోస్ట్ నుంచి స్టేషన్‌కు సమాచారం పోతది, ఇంటోళ్లు వెతుకుతుంటే అక్కడ దొరుకుతది.

గోల్మాల్ అయ్యేది డిశ్చార్జి రోజు. పుండు కొంచెం మానంగనే చీటీ రాసి పంపుతరు. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ అని అండ్ల ఉంటది. బెంచి మీద పండుకునే మనిషికి డ్రెస్సింగ్ ఎవరు చేస్తరు? వారానికి మళ్ల అదే పుండు, ఈసారి ఎముక దాక. అందుకే చేర్పించిన రెండోరోజే ఆర్‌ఎంఓ (దవాఖాన రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్)ను గాని సూపరింటెండెంట్‌ను గాని కలిసి, "ఈయనకు ఇల్లు లేదు, షెల్టరుల జాగ దొరికేదాక డిశ్చార్జి చెయ్యకున్రి" అని కేస్‌షీట్ల రాయించాలె.

షుగరు పరీక్ష, తెమడ పరీక్ష ఎట్లనన్న చేయించున్రి. కాలి పుండు మానకపోవడానికి చానాసార్లు షుగరే కారణం. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే టీబీ చూడాలె. మందులు ఉచితం, మామూలు టీబీకి ఆరు నెలలు వాడాలె. టీబీ ఉన్నోళ్ల తిండికి ఇచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాల పడుతయి. ఖాతా లేకుంటే ఆ పైసలు పడవు. కాగితాల సంగతి ఎవరన్న వివరంగ రాయున్రి.

కోయిల్‌సాగర్
షెల్టర్ల గురించి నేను చెప్తాను. పట్టణాలలో నిరాశ్రయుల వసతి గృహాలు జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద వచ్చాయి. మన దగ్గర ఆ పని చూసేది మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ. మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి "మెప్మా సెక్షన్ ఎక్కడ, నిరాశ్రయుల షెల్టర్ ఎవరు చూస్తున్నారు" అని అడగండి. కమ్యూనిటీ ఆర్గనైజర్‌నో, ఆ వార్డు రిసోర్స్ పర్సన్‌నో చూపిస్తారు. "నైట్ షెల్టర్" అంటే రాత్రిపూట మాత్రమే అనుకుంటారు, అది తప్పు. మార్గదర్శకాల ప్రకారం 24 గంటలూ తెరిచి ఉండాలి.

నిబంధనలు గుర్తుంటే అడగడం సులువు. లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటు. ఒక్కో షెల్టర్ 50 నుంచి 100 మందికి. మనిషికి కనీసం 50 చదరపు అడుగులు, అంటే 50 మందికి 2,500 చదరపు అడుగులు. లక్షన్నర జనం ఉన్న ఊరికి 150 మంది పట్టే జాగ ఉండాలన్నమాట. పని దొరికే చోటికి, బస్టాండుకు, స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో కట్టాలి. నీళ్లు, బాత్రూములు, వంట చేసుకునే చోటు, సామాను పెట్టుకునే అర ఉండాలి. గుర్తింపు కార్డు లేదని వెనక్కి పంపకూడదు. గుర్తింపు కార్డు ఇప్పించడం షెల్టర్ చేయాల్సిన పనుల్లోనిదే.

ఈ షెల్టర్ల కథ సుప్రీంకోర్టు నుంచి మొదలైంది. 2001 నాటి ఆహార హక్కు కేసులోనే 2010లో చలికి చనిపోతున్న వాళ్ల మీద ఆదేశాలు వచ్చాయి. 2016లో షెల్టర్ల డబ్బు ఖర్చుకాకుండా పడి ఉండడం చూసి కోర్టే జస్టిస్ కైలాష్ గంభీర్ కమిటీని వేసింది. మన మున్సిపాలిటీలో ఎవరైనా "ఇది మాది కాదు" అంటే ఈ మాట గుర్తు చేయండి. సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలు చాలు: షెల్టర్ సామర్థ్యం ఎంత, గత మూడు నెలల రోజువారీ హాజరు రిజిస్టర్ నకలు, నిర్వహణ సంస్థకు చెల్లింపులు ఎప్పటిదాకా అయ్యాయి. మూడో ప్రశ్నలోనే చాలా జవాబులు దొరుకుతాయి. చెల్లింపు ఆగితే కేర్‌టేకర్ జీతం ఆగుతుంది, జీతం ఆగితే తాళం పడుతుంది.

గడియారం సెంటర్
షెల్టర్ ఉన్న ఊళ్లె కూడ మంది బయటనే పండుకుంటరు. ఎందుకు పోరు మరి?

బాదేపల్లి అడ్డా
పోకపోవుడు మొండితనం అనుకుంటరు. పోనోళ్లకు లెక్క ఉంటది.

అడ్డా మీద నిలబడే కూలీకి పొద్దుగాల ఆరింటికి మేస్త్రి కండ్ల పడాలె. షెల్టర్ మూడు కిలోమీటర్లు ఉంటే ఆటో కిరాయి పోతది, లేకుంటే కైకిలి పోతది. అందుకే మార్కెట్ యార్డు షెడ్డు కింద పంటడు. అక్కడ రాత్రి లారీ వస్తే దించే పని కూడ దొరుకుతది. రెండోది సామాను. పార, తట్ట, తాపీ, రెండు జతల బట్టలు పెట్టడానికి తాళమున్న డబ్బా లేకుంటే షెల్టరుల నిద్ర పట్టదు. మూడోది ఆలుమగలు. మగోళ్లది ఒక గది, ఆడోళ్లది ఒక గది అంటే పిల్లలున్న సంసారం విడిపోదు, బయటనే ఉంటది. తాగినోన్ని రానియ్యరు. తాగకుంటే చేతులు వణుకుతయి, అందుకని వాడు పోనే పోడు.

ఇంకొక సంగతి. ఇల్లు లేనోడంటే పని చెయ్యనోడు అని లెక్కేసుకుంటం. రోజూ పనికిపోయేటోళ్లు కూడ బయట పంటరు. అర్ర కిరాయికి అడ్వాన్సు అడుగుతరు, ఆధార్ అడుగుతరు, పెండ్లాం పిల్లలు లేని మగమనిషికి ఇయ్యమంటరు. వారంల మూడు నాలుగు రోజులే పని దొరికేటోడు అడ్వాన్సు ఎక్కడికెల్లి తేవాలె? అసుంటోనికి ఆశ్రమం వద్దు. తాళమున్న డబ్బా, తానం చేసే జాగ, పొద్దుగాల ఐదింటికే తెరిచే గేటు ఉంటే చాలు.

సాగర్ ఎడమ కాల్వ
తాగుడు ముచ్చట వచ్చింది కాబట్టి: మన దిక్కు మందు కల్లు గురించి తెల్వకుండ ఈ పని చెయ్యొద్దు.

పిల్లలమర్రి నీడ
బాగ గుర్తు చేసిండ్రు. చెట్టు కల్లు వేరే, మందు కల్లు వేరే. మందు కల్లుల క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రాజోలం అసుంటివి కలుపుతరు. పాలమూరుల, నల్లగొండ పల్లెలల ఏండ్ల తరబడి దాని మీదనే బతికినోళ్లు ఉన్నరు. అది ఒక్కసారి బందైతే మనిషి నిద్ర పోడు, చేతులు వణుకుతయి, మెడ ఒక దిక్కు గుంజుతది, లేనోళ్లను చూసి మాట్లాడుతడు, ఫిట్స్ వస్తయి. రోడ్డు మీద చూసినోళ్లు పిచ్చి లేచిందంటరు. జేబుల పైసల్లేక మూడు రోజులు కల్లు అందలేదు, అంతే జరిగింది.

సారా, విస్కీ తాగేటోళ్లకైతే ఆఖరి గుక్క పడ్డ 6 గంటల నుంచి 48 గంటల నడుమ ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ. రెండు నుంచి నాలుగో రోజు దాక మతి తప్పి గాబరా పడుడు, ప్రాణం మీదికి కూడ రావచ్చు. డైజిపాం కలిసిన కల్లుకు ఇది ఇంకా ఆలస్యంగ, వారం దాక కూడ వస్తది. కాబట్టి "రెండు రోజులు ఆశ్రమంల కట్టేస్తే మానేస్తడు" అనే మాట ప్రాణం తీసే మాట. డాక్టరు గోలీల మోతాదు రోజురోజుకు తగ్గిస్తూ మానిపిస్తడు. క్యాజువాలిటీల గ్లూకోజు సీసా ఎక్కించే ముందు "ఈయన రోజూ తాగేటోడు, సరిగ తినలేదు" అని చెప్పాలె. అప్పుడు థయామిన్ (బి1 విటమిన్) సూది ముందు ఇస్తరు. అది లేకుండ గ్లూకోజు పోతే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

షెల్టరుల దించేటప్పుడు ఏం తాగుతడో కేర్‌టేకర్‌కు దాచొద్దు. దాస్తే రెండో రాత్రి ఫిట్స్ వచ్చినప్పుడు వాళ్లకేం అర్థం కాదు. వ్యసనం గురించి అడగడానికి 14446 ఉంది.

అన్నం ముచ్చట కూడ ఇక్కడనే చెప్త. నాలుగైదు రోజులు ఏం తినని మనిషికి పళ్లెం నిండ బిర్యానీ పెట్టకున్రి. ఒక్కసారి ఎక్కువ పోతే రక్తంల ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతది. గంజి, పల్చటి మజ్జిగ, అరటిపండు, కొద్దికొద్దిగ గంట రెండు గంటలకు ఒకపారి ఇచ్చుకుంట దవాఖానల చూపియ్యాలె.

డిండి వాగు
మొదటి పోస్టుల పెద్దమనిషి దగ్గరికి మళ్ల వస్త. ఎల్డర్‌లైన్ 14567, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాక. వదిలేసిన పెద్దలను చూసి సమన్వయం చేస్తరు, వృద్ధాశ్రమాలల జాగ గురించి చెప్తరు. 108 కేసు కానప్పుడు ముందు చెయ్యాల్సిన ఫోన్ ఇదే.

ఊరు పట్టుకునే ఉపాయం: "మీ ఊరేంది" అని నాలుగుసార్లు అడిగితే నాలుగు పేర్లు చెప్తడు. "మీకు అంగడి ఏ వారం? ఏ ఊరికి పోతరు? బస్సు ఎక్కేది ఎక్కడ? ఊళ్లె చెరువు పేరేంది? రేషన్ దుకాణం ఎవరిది?" అని అడగాలె. అంగడి వారం మరిచిపోయినోళ్లు తక్కువ. దేవరకొండ, డిండి దిక్కు తండాలాయన అయితే లంబాడీల మాట్లాడే మనిషిని పక్కన కూసోబెట్టున్రి. తెలుగుల చెప్పనివి అండ్ల చెప్తడు. రెండు మూడు గుర్తులు కలిస్తే ఆ మండలం పోలీస్ స్టేషన్‌కు, పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చెయ్యొచ్చు.

ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులల తిప్పుడు వద్దు. ముఖ్యంగ ఆడోళ్లది. కొట్టేటోన్ని తప్పించుకొని వచ్చిన మనిషిని వానికే పట్టిచ్చినట్టు అయితది.

ఇంటోళ్లు దొరికితే? 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. 60 ఏండ్లు దాటినోళ్లు ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు దరఖాస్తు ఇయ్యొచ్చు. తాము పోలేకుంటే వాళ్లు అధికారం ఇచ్చిన మనిషి గాని సంస్థ గాని ఇయ్యొచ్చు, ట్రిబ్యునల్ తనంతట తానే కూడ తీసుకోవచ్చు. పెద్దమనిషి ఇప్పుడు ఉన్న చోట, ఇదివరకు ఉన్న చోట, లేకుంటే కొడుకులు బిడ్డలు ఉన్న చోట, మూడింటిల ఎక్కడనైన వెయ్యొచ్చు. అంటే ఈయనది నల్లగొండ ఆర్డీఓ దగ్గరన్న, దేవరకొండ ఆర్డీఓ దగ్గరన్న నడుస్తది. వకీలు అక్కెర లేదు. నోటీసు అందినంక 90 రోజులల తేల్చాలె, ఇంకో 30 రోజులు పెంచొచ్చు. చట్టంల రాసిన గరిష్ఠ పోషణ నెలకు 10,000. కావాలని వదిలేసినోళ్లకు మూడు నెలల దాక జైలు గాని, 5,000 దాక జరిమానా గాని, రెండూ గాని.

భూమి రాసిచ్చి రోడ్డున పడ్డోళ్లయితే సెక్షన్ 23 చూడాలె. పోషిస్తమన్న షరతు మీద రాసిచ్చిన దాన్ని, పోషించకుంటే రద్దు చెయ్యమని అడగొచ్చు. దస్తావేజుల ఆ షరతు రాసి ఉంటే పని సులువు, లేకుంటే వాదన పెరుగుతది. జిల్లా కోర్టుల న్యాయ సేవాధికార సంస్థ ఉంటది, ఫోన్ 15100, దరఖాస్తు రాసిపెడతరు.

ఒక మాట. పెద్దమనిషి "నా కొడుకు మీద కేసు వద్దు" అంటే అక్కడితో ఆగాలె. చానా మంది అట్లనే అంటరు.

పానగల్లు మెట్లు
ఆడవాళ్లు, పిల్లలకు దారి వేరు. చిన్నగానే చెప్తాను.

ఒంటరి మహిళ అయితే మహిళా హెల్ప్‌లైన్ 181. జిల్లా కేంద్రంలో సఖి కేంద్రం ఉంటుంది, అక్కడ ఐదు రోజుల దాకా ఉండనిస్తారు. వైద్యం, పోలీసు, న్యాయ సాయం ఒకే చోట. ఆ ఐదు రోజుల్లోనే తర్వాతి చోటు, అంటే ఆడవాళ్ల ఆశ్రయ గృహం శక్తి సదన్ లాంటిది, చూడమని మొదటి రోజే అడగండి. ఐదో రోజు సాయంత్రం అడిగితే ఏమీ కాదు. మనిషిని దింపడానికి మగవాళ్లు ఇద్దరు ముగ్గురు బైకుల మీద వెళ్లకండి, ఒక ఆడమనిషి తోడు ఉండాలి. నెలసరి బట్టలు, ఒక టవలు, సబ్బు, చెప్పులు తీసుకెళ్తే చీర కన్నా ఎక్కువ పనికొస్తాయి.

పిల్లలైతే 1098. ఒంటరి పిల్లవాడిని మన ఇంటికి తీసుకెళ్లడం, ఎవరికో "పెంచుకోమని" ఇవ్వడం నేరం వైపు వెళ్లే పని. 24 గంటల లోపల బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి. దొరికిన పిల్లల గురించి 24 గంటల్లో చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలో, 10,000 జరిమానానో, రెండూనో పడవచ్చు. రైల్వే ప్లాట్‌ఫాం మీద అయితే 139కి చెప్పినా, స్టేషన్‌లో ఆర్‌పీఎఫ్‌కు చెప్పినా సరే.

పాత తపాలా
కాగితాల గురించి అడిగారు. ముందు ఒక హెచ్చరిక: ఆధార్ పోయిన మనిషికి "కొత్త ఆధార్" తీయించకండి. వేలిముద్రలు పాతదానితో కలిసి దరఖాస్తు తిరస్కరణ అవుతుంది, వారాలు వృథా. మనిషికి ఇదివరకు ఆధార్ ఉందా అని ముందు తేల్చాలి. ఉంటే ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో గానీ కంటిపాపతో గానీ పాత నంబరు బయటికి తీసి ప్రింటు ఇస్తారు. హమాలీ పని, తాపీ పని చేసినవాళ్ల వేళ్లు అరిగిపోయి ఉంటాయి, మిషన్ తీసుకోదు. "కంటిపాప పెట్టండి" అని మీరే అడగండి. కండ్లల్లో పొర ఉంటే అదీ పడదు, అప్పుడు పది వేళ్లూ ఒక్కొక్కటిగా ప్రయత్నించాలి. సందేహాలకు 1947.

నిజంగానే ఎప్పుడూ ఆధార్ లేని మనిషి అయితే, గుర్తింపు పొందిన షెల్టర్ అధిపతి ఆధార్ వాళ్ల నమూనా పత్రం మీద ఫొటో అంటించి సంతకం, ముద్ర వేసి ఇచ్చే సర్టిఫికెట్ పనికొస్తుంది. అది మూడు నెలలే చెల్లుతుంది. ఫొటో మీద సగం, కాగితం మీద సగం పడేట్టు ముద్ర ఉండాలి. కొట్టివేతలు ఉంటే వెనక్కి పంపుతారు.

ఓటు గురించి చాలా మందికి తెలియదు. ఇల్లు లేనివాళ్లు కూడా ఓటరుగా పేరు నమోదుకు ఫారం 6 పెట్టవచ్చు. చిరునామా దగ్గర పడుకునే చోటు రాయాలి. బీఎల్‌ఓ (పోలింగ్ బూత్ స్థాయి అధికారి) రాత్రిపూట వచ్చి నిజంగా అక్కడ పడుకుంటున్నాడా అని చూస్తారు, ఒక్కసారి కాదు. వాళ్లు నిర్ధారిస్తే చిరునామా రుజువు అడగరు. ఓటరు కార్డు చేతికి వచ్చాక మిగతా తలుపులు కొంచెం మెత్తబడతాయి.

పింఛను: కొత్త దరఖాస్తు కన్నా పాతది ఉందా అని ముందు చూడండి. ఊళ్లో ఉన్నప్పుడు చేయూత పింఛను వచ్చేదేమో, నెలల తరబడి వేలిముద్ర పెట్టక ఆగిందేమో. పట్టణంలో మున్సిపల్ ఆఫీసులో, పల్లెలో ఎంపీడీఓ దగ్గర కనుక్కోవచ్చు. ప్రస్తుతం వృద్ధులకు 2,016, దివ్యాంగులకు 4,016. కొత్త మంజూరు వెంటనే వస్తుందని పెద్దమనిషికి ఆశపెట్టకండి.

రేషన్: కార్డులో పేరుంటే రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా తీసుకోవచ్చు, మనిషికి ఆరు కిలోలు. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన సన్నబియ్యమే. ఇంటి దగ్గర వాళ్లు ఆ నెల బియ్యం ఎత్తేసి ఉంటే ఇక్కడ మిషన్‌లో రావు.

మూసీ ఒడ్డు
బియ్యం ఇస్తే ఎక్కడ వండుకుంటరు అన్నా? పొయ్యి లేదు, గిన్నె లేదు.

బాదేపల్లి అడ్డా
అదే మరి. అందుకే అమ్ముకుంటరు. అమ్ముకున్నరని తిట్టేటోళ్లు పొయ్యి చూపియ్యాలె. షెల్టరుల వంట జాగ ఎందుకు ఉండాలెనంటే గందుకే.

ఇంకొక గుంపును ఎవరూ చెప్పలేదు. ఇటుక బట్టీల కాడికి ఒడిశా నుంచి వచ్చినోళ్లు, రోడ్డు పనుల కాడ గుడిసెలేసుకున్నోళ్లు, మన పాలమూరు నుంచి ముంబై, పుణె పోయినోళ్లు. మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి తీస్కపోతడు, పని బందైతే అదే జాగల దిక్కులేనోళ్లయితరు. సెన్సస్ లెక్కల రోడ్డు పక్క, పైపులల, మెట్ల కింద, గుడి మండపాలల, ప్లాట్‌ఫాంల మీద ఉండేటోళ్లనే ఇల్లు లేనోళ్లు అంటరు. రేకుల గుడిసె ఉంటే ఇల్లున్నట్టే లెక్క. అందుకే 2011 సెన్సస్ దేశం మొత్తం మీద చూపిన 17.7 లక్షలల వీళ్లు లేరు. వీళ్లకు షెల్టర్ తలుపు తట్టి లాభం లేదు, లేబర్ ఆఫీసుకు పోవాలె. అడ్వాన్సు పేరు మీద కదలనియ్యకుంటే అది వెట్టి, 1976 చట్టం కింద కలెక్టరుకో ఆర్డీఓకో రాతపూర్వకంగ ఇయ్యాలె. విడుదల పత్రం చేతికి రాకుండ ఊరికి పంపిస్తే పునరావాసం పైసలు రావు. రైలు ఎక్కించినంక ఆ పత్రం కోసం తిరుగుడు అయ్యే పని కాదు.

భవన నిర్మాణ కూలీ అయితే ఏడాదిల 90 రోజులు పనిచేసినట్టు చూపి సంక్షేమ బోర్డుల పేరు ఎక్కిచ్చుకోవచ్చు, 18 నుంచి 60 ఏండ్ల నడుమ.

గడియారం సెంటర్
మన ఊళ్లె ఎంతమంది ఉన్నరో లెక్క తీసి మున్సిపాలిటీకి ఇద్దామంటే ఎట్ల చెయ్యాలె?

కోయిల్‌సాగర్
పగలు లెక్క తీస్తే తప్పుతుంది. పగలు బస్టాండులో కూర్చున్నవాళ్లంతా ప్రయాణికుల్లాగే ఉంటారు. సెన్సస్ వాళ్లు కూడా 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రిలోనే లెక్కపెట్టారు, ఎందుకంటే మనిషి చోటు మారితే రెండుసార్లు పడతాడు.

రాత్రి పదకొండున్నర తర్వాత మొదలుపెట్టి నాలుగు లోపల ముగించండి. నాలుగున్నరకు అడ్డా వైపు లేచి వెళ్లిపోతారు. ఇద్దరిద్దరు జట్లు, ఒక్కో జట్టుకు ఒక్కో ప్రాంతం, అందరూ ఒకే రాత్రి. మూసిన దుకాణాల అరుగులు, దవాఖాన చెట్ల కింద, స్టేషన్, గుడి, దర్గా, మార్కెట్ షెడ్లు, ఫ్లైఓవర్ కింద. అమావాస్య రాత్రి వద్దు. చెర్వుగట్టు లాంటి చోట ఆ రాత్రి నిద్ర చేసే భక్తులందరూ లెక్కలో పడతారు. పెళ్ళిళ్ల రోజుల్లో, జాతర రోజుల్లో కూడా వద్దు.

నిద్రపోతున్న మనిషిని లేపకండి. ముఖం మీద టార్చి కొట్టకండి. నోటు పుస్తకంలో చోటు, మగ/ఆడ/పిల్లలు, సుమారు వయసు, సామాను ఉందా లేదా, పక్కన చక్రాల బండి గానీ కర్ర గానీ ఉందా. సామాను మూట, పొయ్యి రాళ్లు ఉంటే అక్కడే ఉంటున్నట్టు. ఫొటోలు వద్దు, పేర్లు వద్దు. పేర్లతో ఉన్న జాబితా తెల్లారి ఎవరి చేతికైనా పోతే ఖాళీ చేయించే జాబితా అవుతుంది. మున్సిపాలిటీకి ఇచ్చేది చోటు వారీ అంకెలు మాత్రమే, పక్కన లక్షకు వంద మంది నిబంధన.

ఇందిరమ్మ ఇల్లు గురించి ఎవరో అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. 5 లక్షల సాయం మొదటి విడతలో సొంత జాగ ఉన్నవాళ్లకు. జాగే లేనివాళ్లకు అది ఇప్పట్లో దారి కాదు. దరఖాస్తు పెట్టించండి, కానీ దాని మీద షెల్టర్ పని ఆపుకోకండి.

సాగర్ ఎడమ కాల్వ
ఎండాకాలం ముచ్చట ఒకటి. మన నల్లగొండ ఎండ తెలిసిందే. ఓఆర్‌ఎస్ పంచేటోళ్లు ప్యాకెట్ చేతిలపెట్టి పోతరు, వాళ్లు గ్లాసు నీళ్లల సగం ప్యాకెట్ కలుపుకొని తాగుతరు. ఉప్పు ఎక్కువైతది. లీటరుకు కలిపే ప్యాకెట్ అయితే లీటరు సీసాతో సహా ఇయ్యున్రి, ప్యాకెట్ మొత్తం ఒక్కసారే కలిపి, కలిపిన నీళ్లు 24 గంటలల తాగాలె. ప్యాకెట్ లేకుంటే లీటరు నీళ్లకు, స్పూను అంచుకు సమానంగ గీసిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. ఎండదెబ్బ తగిలి స్పృహ తప్పినోని నోట్లె మాత్రం ఏం పొయ్యకున్రి. నీడకు జరిపి, బట్టలు వదులు చేసి, తడిబట్ట తుడుచుకుంట, విసురుకుంట 108.

చలికాలం దుప్పటి కన్న కింద పరిచేది ముందు ఇయ్యున్రి. సిమెంటు గచ్చు కిందికెల్లి చలి గుంజుతది. అట్టపెట్టె విప్పి పరిచి దాని మీద గోనెసంచి ఏసినా నయమే.

గడియారం సెంటర్
ఆఖరు ప్రశ్న. ఇవన్నీ తెలుసుకొని పోయి కూసున్నంక ఆ పెద్దమనిషి "నేను యాడికీ రాను బిడ్డా" అంటే?

పిల్లలమర్రి నీడ
ప్రాణం మీదికి వచ్చిన స్థితి లేకుంటే, మతి సరిగ ఉంటే, రాననే హక్కు ఆయనది. బతిలాడుకుంట గంట కూసోకున్రి, పొమ్మంటడు. పుండుకు డ్రెస్సింగ్ ఒక్కటి చేయించుకుందాం, తెచ్చి మళ్ల ఇదే బెంచి మీద దించుత అని అడగాలె. అన్నమాట ప్రకారం దించాలె కూడ. చాలామంది దానికి ఒప్పుకుంటరు. ఒక అట్టముక్క మీద 108, 14567, మీ నంబరు పెద్ద అంకెలల రాసి, ప్లాస్టిక్ కవర్ల పెట్టి, సంచిల కాదు, అంగి జేబుల పెట్టున్రి. సంచులు పోతయి. రెండు రోజులాగి అదే టైముకు మళ్ల పోన్రి. ఒక్కలే పోన్రి, కొత్త మొకాలను తీస్కపోకున్రి. మూడోసారికో నాలుగోసారికో అంగడి వారం ఆయనే చెప్తడు.